జాకీల మీద విమానం: ఎత్తిన చక్రాలు జారుతున్నాయి, పంపు ఊరికే మోగుతోంది

బెజవాడ రెక్కలు:
నమస్కారం. నేనూ మా బావగారూ నాలుగేళ్లుగా రెండు సీట్ల చిన్న విమానం కట్టుకుంటున్నాం. ఇంకా నేల విడవలేదు. గన్నవరం వైపు ఒక రేకుల షెడ్డులో జాకీల మీద ఉంది. హైడ్రాలిక్ గేరు, అంటే నూనె ఒత్తిడితో చక్రాల కాళ్లు లోపలికి ముడుచుకునే రకం. మీట పైకి వేయగానే మూడు కాళ్లూ లోపలికి వెళ్తాయి, పంపు ఆగుతుంది. నాలుగు నిమిషాలు గడిచేసరికి పంపు తనంతట తానే గుర్రుమని ఒక్క క్షణం తిరిగి ఆగుతుంది. మళ్లీ నాలుగు నిమిషాలకు అదే వరస. పంపుకు కరెంటు తీసేస్తే ముందు ఎడమ కాలు జారుతుంది, తరువాత మిగతా రెండూ. మధ్యాహ్నం పూట మరీ ఎక్కువ. కింద ఒక్క చుక్క నూనె లేదు, ట్యాంకులో మట్టం తగ్గలేదు. పంపు మార్చేద్దామని బావగారు అంటున్నారు. దాని ధర విన్నాక ఇక్కడ అడగాలనిపించింది.

పాత హ్యాంగరు, గుంటూరు:
పంపు జోలికి వెళ్లకండి బాబూ. నూనె బయటికి రావడం లేదు, మట్టం తగ్గడం లేదు అంటే కారేది లోపలే. పైకి ఎత్తే వైపు నుంచి ఏదో సందు గుండా వెనక్కి ట్యాంకులోకి పోతోంది. మీ గేరును పైన పట్టి ఉంచే కొక్కెం లేదనుకుంటాను. పైపర్ యారో అనే చిన్న విమానంలోనూ అంతే, ఒత్తిడే దాన్ని పైన నిలబెడుతుంది. ఒత్తిడి సుమారు 1,800 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర పంపు ఆగి, ఒత్తిడి తగ్గగానే మళ్లీ లేస్తుంది.

ఒక మాట. ముందు జారింది కాబట్టి ఎడమ కాలే దోషి అనుకోకండి. మూడు సిలిండర్లకూ ఒకే గొట్టం నుంచి ఒత్తిడి వెళ్తుంది. ఎక్కడ కారినా మూడింటికీ తగ్గుతుంది. అప్పుడు బరువైనదో, రాపిడి తక్కువున్నదో ముందు దిగుతుంది.

దుగ్గిరాల ట్రాక్టరు:
నాకు విమానం తెలియదు కానీ ఈ జబ్బు తెలుసు. నాగలి ఎత్తి ఇంజను ఆపితే మా లిఫ్టు ఇలాగే దిగేది. మెకానిక్ పంపు మార్చమన్నాడు. చివరికి చూస్తే పిస్టన్ సీలు. నూనె ఎక్కడ చిమ్ముతోందో వేలు పెట్టి మాత్రం వెతకవద్దండీ. ఆ ఒత్తిడికి నూనె సూదిలా చర్మంలోకి దూరిపోతుంది, చేయి తీసేయాల్సి రావచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

పాత హ్యాంగరు, గుంటూరు:
బాగా చెప్పారు. ఇక పరీక్ష. ఒత్తిడి పూర్తిగా దించేసి, ఒక సిలిండర్‌కు కాలు దింపే వైపు గొట్టం విప్పి, గొట్టానికి మూత బిగించండి. సిలిండర్ నోరు తెరిచే ఉంచి కింద గిన్నె పెట్టండి. దూరంగా నిలబడి గేరు ఎత్తండి. కాలు లేచేటప్పుడు లోపలున్న నూనె ఎలాగూ వస్తుంది. పూర్తిగా లేచాక కూడా చుక్కలు పడుతూనే ఉంటే పిస్టన్ సీలు పోయినట్టే. ఇలా మూడూ చూడండి.

బెజవాడ రెక్కలు:
చూశాం. ఎడమది పొడిగా ఉంది, ముక్కు చక్రానిదీ అంతే. కుడి సిలిండర్ నుంచి మాత్రం రెండు సెకన్లకు ఒక చుక్క! ఒప్పుకోవలసిన విషయం ఒకటుంది. పోయిన ఏడు ఆ సిలిండర్ విప్పి సీలు రింగులు మార్చాను. ఆటోనగర్‌లో దొరికిన బ్రేకు కిట్‌లోవి కొలతకు సరిపోయాయని వేసేశాను. అప్పటి నుంచి కుడి కాలు కాస్త బిగుతుగా, నెమ్మదిగా కదులుతోంది.

పాత హ్యాంగరు, గుంటూరు:
అందుకే మీ కుడి కాలు ముందు జారలేదు. కారేదీ అదే, పట్టేసేదీ అదే. మీరు వాడేది ఎర్రటి 5606 రకం ఖనిజ నూనె కదా? దానికి నైట్రైల్ రబ్బరు కావాలి. బండ్లలో పోసే డాట్ 3 బ్రేకు నూనె గ్లైకాల్ జాతిది, ఆ కిట్లలో సాధారణంగా ఈపీడీఎం రబ్బరు ఉంటుంది. అది ఖనిజ నూనెలో ఉబ్బిపోతుంది. చూపుకు రెండూ నల్లగా ఒకేలా ఉంటాయి, అదే చిక్కు. మిగిలిన రింగు ఉంటే ఆ నూనెలో వేసి ఒక రాత్రి ఉంచండి.

బెజవాడ రెక్కలు:
స్టీలు గ్లాసులో నూనె పోసి, బ్రేకు కిట్ రింగు ఒకటి, నైట్రైల్ రింగు ఒకటి వేశాను. పొద్దున చూస్తే మొదటిది నానబెట్టిన సెనగలా ఉబ్బి, గోరు గుచ్చితే దిగుతోంది. రెండోది వేసినట్టే ఉంది. సిలిండర్ విప్పితే పిస్టన్ రింగు అంచు ఎలుక కొరికినట్టు ముక్కలు ముక్కలుగా ఊడింది. ఆ ముక్కలు ఎక్కడెక్కడ చేరాయోనని నూనె మొత్తం దించి, గొట్టాలు కడిగి, రింగులన్నీ నైట్రైల్‌వి వేశాం. ఇప్పుడు పంపు ఇరవై అయిదు నిమిషాలకు ఒకసారి లేస్తోంది. తగ్గింది, పోలేదు.

మంగళగిరి ఫిట్టరు:
అత్యవసరంగా గేరు కిందికి వదిలే వాల్వు చూశారా? అది పూర్తిగా మూసుకోకపోతే ఒత్తిడి అటు నుంచీ జారుతుంది. గొట్టాల మరలకు కుళాయిలకు చుట్టే తెల్ల టేపు చుట్టారా? దాని పీలికలు వెళ్లి వాల్వుల్లోనే ఇరుక్కుంటాయి.

బెజవాడ రెక్కలు:
రెండు చోట్ల చుట్టాం. బావగారి పని, నాది కాదు. వాల్వు గద్దె మీద వెంట్రుకంత తెల్లటి పోగు దొరికింది. తుడిచి బిగించాం. రెండు గంటలుగా పంపు లేవలేదు. మధ్యాహ్నమే చూశాం, బెజవాడ మధ్యాహ్నం!

పాత హ్యాంగరు, గుంటూరు:
ఎండకు నూనె పలచబడి సన్న సందులోంచీ జారుతుంది కాబట్టి మధ్యాహ్నం నిలిచిందంటే నమ్మవచ్చు. ఇక పంపు కరెంటు తీసి, ఆ అత్యవసర వాల్వు తెరిచి, మూడు కాళ్లూ వాటంతట అవే దిగి తాళం పడతాయో లేదో చూడండి. ఒకసారి కాదు, పదిసార్లు. మీ ముక్కు చక్రం ఎటు ముడుచుకుంటుంది?

బెజవాడ రెక్కలు:
వెనక్కి. పదిసార్లూ దిగింది, తాళం పడింది.

పాత హ్యాంగరు, గుంటూరు:
అయితే షెడ్డులో దిగినంత మాత్రాన చాలదు. వెనక్కి ముడిచింది కాబట్టి గాలిలో అది ఎదురుగాలిని తోసుకుంటూ ముందుకు రావాలి. షెడ్డులో గాలి లేదు. మీ విమానం కిట్‌తో వచ్చిన పుస్తకంలో ఆ కాలికి ఎంత బలం ఎదురు పెట్టి పరీక్షించాలో ఉంటే, స్ప్రింగు త్రాసుతో అంత వెనక్కి లాగిపట్టి చూడండి. దాన్ని దాటి వచ్చి తాళం పడితేనే జాకీలు దించండి.

బెజవాడ రెక్కలు:
పుస్తకంలో ఉంది. త్రాసు కోసం బావగారు వన్‌టౌన్ వెళ్లారు.