‘ట్రూ కంటెండర్’ని తెలుగులో ఏమందాం?

హైదరాబాద్ (ప్రశ్న):
ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగు) ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివరి నాకౌట్ రౌండ్ల గురించి తెలుగులో రాస్తుంటే ఒక్క మాట దగ్గర చెయ్యి ఆగిపోతోంది: కంటెండర్. ‘పోటీదారు’ అంటే లీగులో ఉన్న 30 జట్లూ పోటీదార్లే. ప్లేఆఫ్స్‌కి 16 జట్లు వెళ్తాయి. వాటిలో నిజంగా టైటిల్ దాకా పోయే నాలుగైదు ఏవి అన్నదాని మీదే అభిమానులు కొట్టుకుంటారు. ఆ నాలుగైదింటికి ఒక మాట కావాలి. అచ్చం వాటిలాగే కనపడి తొలి రౌండులో తేలిపోయేవాటిని ప్రిటెండర్లంటారు, ప్రాస కూడా కుదిరింది వాళ్లకి. దానికీ ఒకటి చెప్పండి.

గుంటూరు:
‘టైటిల్ బరిలో ఉన్న జట్లు’ అంటే సరిపోదా? స్పోర్ట్స్ పేజీల్లో రోజూ వాడేదేగా.

విశాఖ:
సరిపోదండీ. బరి అంటే గీసిన గిరి. కోడిపందెం బరైనా ఎన్నికల బరైనా లోపల అడుగు పెట్టినంతవరకే ఆ మాట చెప్పేది. డిపాజిట్ పోగొట్టుకునే అభ్యర్థి కూడా బరిలోనే ఉంటాడు. ‘రేసులో ఉంది’ అయితే మరీ పలచన. ఐపీఎల్ వార్తల పుణ్యమా అని దానికి ‘లెక్కల్లో ఇంకా దారి మూసుకుపోలేదు’ అన్న అర్థం స్థిరపడింది. ఎన్‌బీఏలో తూర్పు, పశ్చిమ విభాగాలు రెండింట్లోనూ 7 నుంచి 10 స్థానాల జట్లు ప్లే-ఇన్ (ప్లేఆఫ్స్‌లో చివరి చోట్ల కోసం పోటీ) ఆడతాయి కదా. పదో జట్టు వరసగా రెండు గెలిస్తే ఎనిమిదో సీడ్ (ప్లేఆఫ్స్‌లో ఆ విభాగపు చివరి ర్యాంకు). అదీ రేసులో ఉన్నట్టే, కానీ దాన్ని కంటెండర్ అనేవాడు ఎవడూ లేడు.

గుంటూరు:
అయితే ‘గెలుపు గుర్రం’?

డల్లాస్:
మాట బాగుంది గానీ అది టికెట్లు పంచేవాళ్ల మాట. ఒక సీటుకి పార్టీకి ఒకటే గెలుపు గుర్రం. అంటే ఫేవరెట్‌కి దగ్గర. కంటెండర్లు ముగ్గురో నలుగురో ఉంటారు, వాళ్లలో ఫేవరెట్ ఒకడే. ఫేవరెట్ అయినంత మాత్రాన ఒరిగేదీ లేదు. 2007లో మా ఊరి మావెరిక్స్ 67 మ్యాచ్‌లు నెగ్గి తొలి సీడ్‌గా వచ్చారు. ఎనిమిదో సీడ్ గోల్డెన్ స్టేట్ 4–2తో మొదటి రౌండులోనే ఇంటికి పంపింది.

వరంగల్:
అందరు నామవాచకం కోసమే ఎతుకుతున్నరు. తెలుగుల ఈ పని క్రియ చేస్తది. ‘కప్పు కొట్టు’ అన్న ఒక్క క్రియ తీస్కోండి, తోక మారిస్తె చాలు.

కొట్టాల్సిన జట్టు: కొట్టకపోతె అడుగుతరు. ఇది ఫేవరెట్.
కొట్టగల జట్టు: సత్తా ఉంది, ఇంకొకరికి కూడ ఉండొచ్చు. ఇదే మీ కంటెండర్.
కొడితె కొట్టొచ్చు: అన్నీ కలిసొస్తె. డార్క్ హార్స్ అంటరే, గది. దయచేసి ‘చీకటి గుర్రం’ అని మాత్రం రాయకున్రి.
కొట్టే జట్టు: ఇది జోస్యం. రాసినోడు ఇరుక్కుంటడు.

గడ్డకట్టిన ఒక్క ముద్ద మాట కన్న ఈ నాలుగు తోకలు నయం.

విశాఖ:
అద్భుతం అన్నా. ‘కొట్టే’ దగ్గర చిన్న చేర్పు. దాన్ని తద్ధర్మార్థకం అంటారు. ‘పాడే పిట్ట’ అంటే ఇప్పుడు పాడుతోందని కాదు, పాడడం దాని స్వభావమని. ‘కప్పు కొట్టే జట్టు’ కూడా ఒక్కోసారి అలా పనిచేస్తుంది, అలవాటుగా కొట్టేదని. ఎన్‌బీఏలో ఆ అర్థం ఇప్పుడు చెల్లదు. 2019 నుంచి 2025 దాకా ఏడేళ్లలో ఏడు వేర్వేరు జట్లు గెలిచాయి: టొరంటో, లేకర్స్, మిల్వాకీ, గోల్డెన్ స్టేట్, డెన్వర్, బోస్టన్, ఓక్లహోమా సిటీ.

గుంటూరు:
అసలు అక్కడ ఇచ్చేది కప్పే కాదుగా? ఆ ట్రోఫీ నెట్‌లోకి దిగుతున్న బంతి ఆకారంలో ఉంటుంది.

వరంగల్:
తెలుగుల కప్పంటె ట్రోఫీ అన్నట్టే. అండ్ల చాయ్ ఎవరు పోస్తలేరు.

హైదరాబాద్:
తోకలు నచ్చాయి. 2025 ప్లేఆఫ్స్ మీద పెట్టి చూద్దాం. ఏప్రిల్‌లో నిలబడి ఎవరికి ఏ తోక తగిలిస్తారు?

డల్లాస్:
ఓక్లహోమా సిటీ: కొట్టాల్సిన జట్టు. 82లో 68 గెలిచింది. సగటున మ్యాచ్‌కి 12.9 పాయింట్ల తేడా, లీగు చరిత్రలోనే అది రికార్డు. క్లీవ్‌లాండ్ 64, బోస్టన్ 61: రెండూ కొట్టగల జట్లే. డెన్వర్‌లో యోకిచ్ లాంటి స్టార్ ఉన్నాడు కాబట్టి ఎప్పుడూ ‘గల’ కిందే వేసుకోవాలి. సీజన్ మూడు మ్యాచ్‌లుందనగా కోచ్‌ని తీసేశారు కాబట్టి నేనైతే ‘కొడితే కొట్టొచ్చు’లోకి దించుతా. చివరికి రెండో రౌండులో ఓక్లహోమాని ఏడో మ్యాచ్ దాకా లాక్కెళ్లింది అదే జట్టు. ఇక ఇండియానా 50 గెలిచి నాలుగో సీడ్. దానికి ఏ తోకా తగిలించనివాళ్లే ఎక్కువ.

గుంటూరు:
ఇండియానాకి ‘చాప కింద నీరు’ సరిగ్గా అతుకుతుంది. ఫైనల్స్ తొలి మ్యాచ్‌లో 0.3 సెకన్లు మిగిలుండగా వాళ్ల ఆటగాడు హాలిబర్టన్ షాట్ పడింది. 48 నిమిషాల ఆటలో ఇండియానా ఆధిక్యంలో ఉన్నది ఆ 0.3 సెకన్లే.

విశాఖ:
కానీ చాప కింద నీరంటే కుట్రలూ జబ్బులూ పాకడానికి వాడతాం. కొంచెం చెడు వాసన ఉంటుంది. ఇండియానా చేసింది గుట్టుగా కాదు, 48 నిమిషాలూ పరుగులు పెట్టి అవతలివాళ్లని అలవగొట్టి.

గుంటూరు:
తడి తెలిసేసరికి ఇల్లంతా నీళ్లు. నేను వాడేది ఆ అర్థంలోనే, చెడేం లేదు.

హైదరాబాద్:
ఆ ‘గల’ తగిలించడానికి కొలత ఏమిటన్నదే అసలు తగాదా. మాట దొరికినా ఎవరికి పెట్టాలో తేలకపోతే లాభం లేదు.

డల్లాస్:
పాత కొలత పేరున్న కోచ్ ఫిల్ జాక్సన్‌ది: 20 ఓడేలోపు 40 గెలవాలి. చాలా ఏళ్లు పనిచేస్తుంది గానీ 1995 హ్యూస్టన్ దాన్ని చెడగొట్టింది. 47–35తో ఆరో సీడ్‌గా వచ్చి టైటిల్ కొట్టారు. అంతకంటే కింది సీడ్ ఏదీ ఇప్పటిదాకా గెలవలేదు. రెండోది, వంద పొసెషన్లకి (బంతి తమ చేతికొచ్చిన వంద సార్లకి) వేసే పాయింట్లలోనూ, ఇచ్చే పాయింట్లలోనూ తొలి పదిలో ఉండాలని. దీనికి పంటికింద రాయి 2001 లేకర్స్. సీజనంతా డిఫెన్స్ గాలికొదిలేసి, ప్లేఆఫ్స్‌లో 15–1.

అంకెలకంటే ముందు చూడాల్సింది ఎనిమిదో ఆటగాణ్ని. సీజన్లో పదిమందిని తిప్పుతారు, ప్లేఆఫ్స్‌లో అది ఎనిమిదికి వస్తుంది. ఆ ఎనిమిదిలో డిఫెన్స్ రానివాడు ఒక్కడున్నా, ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో అవతలి జట్టు ప్రతిసారీ స్క్రీన్ పెట్టి (కాపలా ఆటగాడికి అడ్డంగా నిలబడి) వాణ్నే తమ స్టార్ ముందుకు లాక్కొస్తుంది. వాణ్ని కూర్చోబెడితే మన అఫెన్స్ పోతుంది. టైటిల్‌కి ఇలాంటి నాలుగు సిరీస్‌లు, 16 విజయాలు కావాలి. రెండో రకం దెబ్బ ఒకే ఆదాయం మీద బతకడం. 2025లో న్యూయార్క్‌తో తొలి మ్యాచ్‌లో బోస్టన్ 60 త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) ప్రయత్నిస్తే 45 పడలేదు. 20 పాయింట్ల ఆధిక్యం కరిగిపోయింది. తర్వాతి మ్యాచ్‌లోనూ అంతే, అదీ సొంత కోర్టులో. నాలుగో మ్యాచ్‌లో బోస్టన్ స్టార్ టేటమ్ మడమ వెనక స్నాయువు (అకిలిస్) తెగింది. ‘గల’ అన్నది ఒంటి మీద ఆధారపడ్డ తోక అని అందుకే అంటా.

విశాఖ:
ఇప్పుడు ప్రిటెండర్. ‘ఉత్తరకుమారుడు’ ఉండగా వేరే మాట దేనికి? అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కౌరవ సైన్యాన్ని ఒంటిచేత్తో చీల్చేస్తానంటాడు, ఆ సైన్యం కంటపడగానే రథం దిగి పరుగు. జనవరిలో వరస విజయాలు, ఏప్రిల్లో పలాయనం. అర్థం తెలియని తెలుగువాడు ఉండడు.

వరంగల్:
ఎనిమిదో సీడ్‌ను మాత్రం ఉత్తరకుమారుడు అనకు అక్కా. ప్రగల్భాలు పలికితెనే ఆ పేరు. ఎనిమిదో సీడ్ ఏం పలకలేదు పాపం, వాడు ఆటలో అరటిపండు. ఉన్నట్టె, లెక్కకు రానట్టె.

గుంటూరు:
2023 మయామీ ఆ అరటిపండే. మిల్వాకీని, న్యూయార్క్‌ని, బోస్టన్‌ని మింగి ఫైనల్స్‌కి వచ్చింది. 1999 న్యూయార్క్ కూడా అంతే.

వరంగల్:
వచ్చినయి, రెండు గూడ 4–1 తోని ఓడినయి. ఎనిమిదో సీడ్ ఇంతవరకు కొట్టలే.

హైదరాబాద్:
సరే, నా వాక్యం ఇలా మారింది: ‘పశ్చిమంలో టైటిల్ కొట్టగలిగిన జట్లు రెండే, మిగతావన్నీ ఉత్తరకుమారులు.’

విశాఖ:
‘కొట్టగలిగిన’ తీసేయండి. దానికి ‘ఎలాగో సాధించిన’ అనే జరిగిపోయిన అర్థం కూడా ఉంది. ‘2024లో టైటిల్ కొట్టగలిగిన జట్టు’ అంటే కొట్టేసిన బోస్టనే. మీకు కావాల్సింది ‘కొట్టగల’. మధ్యలో ఖాళీ పెట్టి ‘కొట్ట గల’ అని విడగొట్టొద్దు. ఇంకోటి, మిగతావన్నీ ఉత్తరకుమారులు కావు. గొప్పలు చెప్పుకున్నవాటికే ఆ పేరు ఉంచి, తక్కినవాటిని ‘కొట్టలేని’ అనండి. ‘కొట్టని’ అనకండి, అది ఫైనల్స్ అయ్యాక రాసే మాట.