నొప్పులు తెప్పించే మాత్ర ఇచ్చారని కానుపు క్లెయిమ్ మొత్తం కొట్టేశారు

పర్లాకిమిడి తాత:
అమ్మాయి ఏడో నెలలో మా ఇంటికి వచ్చింది. పాలసీ హైదరాబాద్‌లో ఉన్న అల్లుడి కంపెనీ గ్రూపుది, మామూలు కానుపుకి 50,000 దాకా ఇస్తుంది. 41 వారాలు దాటినా నొప్పులు రాలేదు. బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. మిసోప్రోస్టాల్ 25 మైక్రోగ్రాముల మాత్రలు ఇచ్చారు. మర్నాడు తెల్లవారుజామున మనవరాలు పుట్టింది. బిల్లు 43,600. నిన్న ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ నుంచి మెయిల్: ఆ మందు అల్సర్‌కట, నొప్పులకని లేబుల్‌లో లేదట, కాబట్టి 'అన్‌ప్రూవెన్ ట్రీట్‌మెంట్' అట. మొత్తం తిరస్కరించారు. ఆ మాత్రలకి పడింది వంద రూపాయల లోపే! ఆసుపత్రి చూసింది నేనే, అల్లుడి ముందు చిన్నతనంగా ఉంది.

రాయగడ సిస్టర్:
బాబాయి గారూ, లేబర్ రూములో మాకిది రోజువారీ మందు. అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది అల్సర్‌కే, నిజమే. తయారీ కంపెనీ కానుపు కోసం అనుమతి అడగనే లేదు. అయితే డబ్ల్యూహెచ్ఓ అత్యావశ్యక మందుల జాబితాలో ఇది నొప్పులు తెప్పించడానికీ ఉంది. నోటి ద్వారా రెండు గంటలకోసారి 25 అని 2011లోనే చెప్పారు. మునుపు సిజేరియన్ అయినవాళ్ళకి మాత్రం ఇవ్వం. మీ అమ్మాయికి తొలి కానుపే కదా?

పాత క్లెయిమ్స్ గుమాస్తా:
పాలసీలో ఎక్స్‌క్లూజన్ 16 తీయండి, అంటే డబ్బు ఇవ్వని వాటి జాబితాలో 16వది. పని చేస్తుందనడానికి తగినన్ని వైద్య ఆధారాలు లేని చికిత్స అని ఉంటుంది, లేబుల్ ఊసే ఉండదు. సిస్టర్ చెప్పినవే మీ ఆధారాలు. ఎన్ని వారాలు, గర్భాశయ ముఖం ఎలా ఉంది, మాత్ర ఎందుకిచ్చారు అన్నది డాక్టరుతో లెటర్‌హెడ్ మీద రాయించండి. దాన్ని జతచేసి అల్లుడి చేత ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకి ఫిర్యాదు పెట్టించండి. టీపీఏతో వాదన వద్దు, వాళ్ళు మధ్యవాళ్ళు. 30 రోజుల్లో తేల్చకపోయినా, కాదన్నా ఇన్సూరెన్స్ తగాదాలు తేల్చే అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అల్లుడుండేది హైదరాబాద్ కనుక అక్కడి ఆఫీసుకే వెళ్ళాలి, భువనేశ్వర్‌కి కాదు.

పర్లాకిమిడి తాత:
తొలి కానుపే అమ్మా. డాక్టరమ్మ సోమవారం రమ్మన్నారు. బాలింతకి ఎందుకులే టెన్షన్ అని అమ్మాయికి ఇంకా చెప్పలేదు.