నట్టలను (పొట్టలోని పరాన్నజీవి పురుగులను) గొర్రె రక్షణ కణాలు ఎందుకు అడ్డుకోలేకపోతున్నాయి?

ప్రశ్న (ఉదయగిరి ప్రాంత పెంపకందారు):
మా నెల్లూరు జాతి మందలో పి.పి.ఆర్. (గొర్రెలు, మేకలకు వచ్చే వైరస్ జబ్బు) టీకా వేసిన జీవాలకు ఏళ్ల తరబడి ఆ జబ్బు రావడం లేదు. నట్టల మందు తాగించిన పిల్లలు మాత్రం వానలు పడ్డాక మళ్లీ రక్తహీనతతో పాలిపోతున్నాయి. రక్షణ కణాలు నట్టలను గుర్తుపెట్టుకోవా?

జవాబు (పశువైద్యుడు, కావలి):
గుర్తుపెట్టుకుంటాయండీ. అయితే వైరస్ సోకిన కణాన్ని టి కణాలు అనే రక్షణ కణాలు నేరుగా చంపగలవు గానీ, రక్తం పీల్చే హీమాంకస్ నట్ట ఏ కణమూ మింగలేనంత పెద్దది. అందుకే మిగతా రక్షణ కణాలను పురమాయించే టిహెచ్-2 రకం సహాయక టి కణాలు ఇంటర్‌ల్యూకిన్-4, 5, 13 అనే సంకేతాలను వదిలి, బి కణాల చేత ఐజీఈ రకం ప్రతిరక్షకాలను తయారు చేయించి, పురుగులపై దాడి చేసే ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలను రప్పించి, నాలుగో పొట్టలో జిగురును పెంచి, లార్వాలను నిలవనీయకుండా చేస్తాయి. పిల్లల్లో ఈ స్పందన నెమ్మదిగా బలపడుతుంది. ఈనిన తల్లుల్లో కొంతకాలం సడలుతుంది.

జవాబు (పరిశోధక విద్యార్థిని, నెల్లూరు):
నట్టలు నియంత్రక టి కణాలను (రక్షణ స్పందనను అదుపు చేసే కణాలను) ప్రేరేపించి ఆ దాడిని తగ్గించుకుంటాయన్నది నాకు ముఖ్యమైన విషయంగా తోస్తుంది. 2014లో ఆస్ట్రేలియాలో వచ్చిన హీమాంకస్ టీకా నట్ట పేగు గోడలోని ప్రోటీన్లపై పనిచేస్తుంది. నట్టలు సహజంగా సోకినప్పుడు ఆ ప్రోటీన్లు గొర్రె రక్షణ కణాల కంటపడవు కనుక టీకాను పదేపదే వేయవలసి వస్తుంది.

పెంపకందారు:
ధన్యవాదాలండీ. అయితే ఈనిన తల్లులకూ పేడ పరీక్ష చేయిస్తాను.