చెరువు కింది బావి నీళ్లకు డ్రిప్ ఫిల్టర్ ఏది పెట్టాలె?

నర్సంపేట మిర్చి:
అన్నలకు నమస్తే. మిర్చి తోట మొత్తం డ్రిప్ మీదనే ఉంది. బోరు నీళ్లతోని ఇన్నేండ్లు బాగనే నడిచింది గని ఈసారి బోరు తగ్గిందని చెరువు కింద ఉన్న పాత బావిల మోటర్ దింపినం, అప్పటిసంది జాలి ఫిల్టర్ పొద్దున కడిగితే పగటీలికే నాచుతోని నిండుతుంది, సాలు చివరన ఉన్న చెట్లకు నీళ్లే అందుతలేవు. షాపాయన హైడ్రోసైక్లోన్ పెట్టుకో అంత సాఫైతది అంటుండు. పెట్టాల్నా? అసలు అది లోపల ఎట్ల పనిచేస్తది?

పరకాల రైతు:
ఆగు తమ్మీ, కొనకు. అది బోరుల వచ్చే ఇసుకకు. దాంట్ల నీళ్లు పక్కనుంచి జోరుగ దూరి గిర్రున తిరుగుతయ్, ఇసుక బరువు గదా, అంచుకు కొట్టుకొని కింద డబ్బాల పడ్తది, నీళ్లు నడిమిట్లనుంచి పైకి పోతయ్. నాచుకు బరువెక్కడిది? నీళ్లతోనే పోతది.

నీకు కావాల్సింది ఇసుక ఫిల్టర్. పెద్ద ట్యాంకుల గరుకు ఇసుక పోసి ఉంటది, నీళ్లు పైనుంచి కిందికి దిగుతుంటే నాచు ఆ ఇసుక సందులల్ల లోపలిదాక చిక్కుతది. జాలి పైపైననే ఆపుతది, అందుకే జల్ది నిండుతది, ప్రెషర్ ఎక్కువైతే మెత్తటి నాచు జాలిలకెళ్లి పిండినట్టు అవతలికి పోతది. ఉన్న జాలి మాత్రం తియ్యకు, ఇసుక ఫిల్టర్ తర్వాత అదే ఉండాలె. వెంచురి, అంటే ఎరువు మందు నీళ్లల్ల కలిపేది, ఈ రెండిటి నడుమ పెట్టు, కరగని మందు ఏమన్నుంటే జాలి పట్టుకుంటది.

జగిత్యాల పసుపు:
పరకాల అన్న చెప్పింది కరెక్టే. మాకు కెనాల్ నీళ్లు, అదే వాడుతున్నం. పైపు సైజు చూసి కొనకు, మోటర్ గంటకు ఎన్ని నీళ్లు పోస్తదో లెక్క చూసి కొను. ఫిల్టర్‌కు ముందొకటి వెనకొకటి ప్రెషర్ గేజు పెట్టు, రెండిటికి తేడా 0.5 కిలోలు (చదరపు సెంటీమీటర్‌కు) దాటిందంటే వాల్వులు తిప్పి నీళ్లు ఉల్టా పంపాలె, ఇసుక పైకి లేసి మురికి బయటికి పోతది, తేటగ వచ్చేదాక ఆపొద్దు.

జాలి 120 మెష్ ఉండాలె, అంటే దాని రంధ్రం 130 మైక్రాన్లు, 0.13 మిల్లీమీటర్లు. డ్రిప్పర్ దారి దాదాపు మిల్లీమీటర్ ఉంటది కదా ఇంత సన్నం ఎందుకు అంటరు మావోళ్లు. ఒక్క రేణువు అడ్డం పడదు, నాలుగైదు ఒక్కసారి వచ్చి ఒకదానికొకటి ఇరుక్కుంటయ్, అందుకే దారిల ఏడో వంతు నుంచి పదో వంతు కన్న పెద్దది పోనియ్యొద్దు.

నర్సంపేట మిర్చి:
మస్తు క్లియర్ అయింది అన్నా. డ్రిప్పర్ కోసి చూస్తే కొన్నిట్ల తెల్లటి పొర కూడ ఉంది, దాన్ని ఇసుక ఫిల్టర్ ఆపుతదా?

పరకాల రైతు:
ఆపదు. అది పాత బోరు నీళ్ల సున్నం అయుంటది, నీళ్లల్ల కరిగి ఉన్నదాన్ని ఈ ఫిల్టర్లు ఏవీ పట్టవు. ఆ పొర మీద ఆసిడ్ చుక్క ఏసి చూడు, నురుగొస్తే సున్నమే. అట్లయితే ఆసిడ్ ట్రీట్‌మెంట్ చెయ్యాలె, నీళ్లల్ల ఆసిడ్ పొయ్యాలె తప్ప ఆసిడ్‌ల నీళ్లు పొయ్యొద్దు. నాచుకని బ్లీచింగ్ వాడేటోళ్లు ఉన్నరు, ఆ రెండూ ఒక్కనాడు కలవనియ్యకు, విషం గ్యాస్ వస్తది. ఇవన్నీ తర్వాత, రేపు పొద్దున లాటరల్ (సాలు పొడుగునా పోయే డ్రిప్ పైపు) చివర క్యాపులు తీసి మోటర్ నడుపు, ఏం రంగు నీళ్లొస్తయో ఫొటో పెట్టు.