“విశ్వాసం గల కుక్క”: ఈ మాటలో విశ్వాసం ఎవరిది?

ప్రశ్న:
పదమూడేళ్లు మాతో కలిసి బ్రతికిన కుక్క గత నెలలో మరణించింది. దాని జ్ఞాపకంగా నాలుగు వాక్యాలు రాసుకోబోయి, “విశ్వాసం గల కుక్క” అన్న చోట ఆగిపోయాను. తిండి పెట్టినవారి పట్ల చూపే కృతజ్ఞత అన్న అర్థమే అందులో నాకు వినిపిస్తోంది. మా మధ్య ఉన్నది అంతకంటే ఎక్కువ. ఈ మాటకు మూలార్థం ఏమిటో, దీనికి బదులుగా వాడదగిన మాట ఏదైనా ఉందేమో పెద్దలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం:
మీ దుఃఖంలో పాలుపంచుకుంటున్నాను. మీకు కలిగిన వెలితి నిజమైనదే. అయితే ఆ మాటను మనం కాలక్రమంలో కుదించుకున్నాం గాని, పుట్టుకతో అది అంత చిన్నది కాదు.

విశ్వాసం “శ్వస్” ధాతువు నుంచి వచ్చింది. ఊపిరి తీయడం ఆ ధాతువుకు అర్థం. శ్వాస, నిశ్వాసం, ఆశ్వాసం అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. దానికి “వి” ఉపసర్గ చేరినప్పుడు భయం లేకుండా తేలికగా ఊపిరి తీసుకోవడం, ఆపైన ఒకరిని నమ్మి నిశ్చింతగా ఉండడం అన్న అర్థాలు ఏర్పడ్డాయి. (శ్వానం అన్న మాటతో దీనికి చుట్టరికం కలపాలని ఎవరికైనా అనిపించవచ్చు, అది ధ్వనిలోని పోలిక మాత్రమే, రెండింటి మూలాలూ వేరు.) ఆ లెక్కన విశ్వాసం మొదట నమ్మేవాడి స్థితిని చెప్పిన మాట. తెలుగు వాడుకలో అది నమ్మదగినవాడి గుణంగా కూడా మారి, “ఉప్పు తిన్న విశ్వాసం” వంటి పలుకుబడిలో తీర్చవలసిన ఋణంలా స్థిరపడింది. “విశ్వాసఘాతుకుడు” అన్నప్పుడు మాత్రం పాత అర్థం ఇంకా పలుకుతుంది, ఎందుకంటే అతడు చంపేది ఎదుటివారి నిశ్చింతను.

ఆ పాత అర్థమే కుక్కకు సరిగ్గా సరిపోతుందని నా నమ్మకం. పసిపిల్లలకు తల్లితో ఉన్న అనుబంధాన్ని పరిశీలించడానికి రూపొందించిన ఒక పరీక్షను 1998లో ప్రచురితమైన అధ్యయనంలో హంగరీ పరిశోధకులు 51 కుక్కల మీద, వాటిని పెంచినవారితో కలిపి జరిపారు. కొత్త గదిలో పెంచినవారు పక్కన ఉన్నప్పుడు ఆ కుక్కలు ఎక్కువగా ఆడుకున్నాయి, గదిని తిరిగి చూశాయి. అపరిచితుడితో మిగిలినప్పుడు తలుపు దగ్గర నిలబడి ఎదురుచూశాయి. తనవాడు ఉన్నచోట తేలికగా ఊపిరి తీసుకోగలగడం అంటే ఇదే కదా!

ఇక అచ్చతెలుగు మాటలకు వస్తే, “నమ్మిన బంటు” అన్న పలుకుబడిని ఒకసారి నిదానంగా చూడండి. “చూసిన మనిషి” అంటే చూసినవాడూ కావచ్చు, మనం చూసినవాడూ కావచ్చు. అదే విధంగా నమ్మిన బంటు మనల్ని నమ్మినవాడూ అవుతాడు, మనం నమ్మినవాడూ అవుతాడు. తెలుగు విశేషణం ఆ రెండు దిక్కులనూ విడదీయదు. “పెంపుడు” కూడా అటువంటిదే: పెంపుడు తల్లి పెంచినది, పెంపుడు కొడుకు పెరిగినవాడు. కుక్క ఇంట్లో పెరుగుతూనే ఆ ఇంటివారిని కూడా కొంత పెంచుతుందని, కుక్కతో బ్రతికినవారికి వేరే చెప్పనక్కరలేదు. కుక్కా దాన్ని పెంచినవారూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ (అనుబంధంతో ముడిపడిన హార్మోను) పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 2015లో ప్రకటించారు. మనుషులే పెంచిన తోడేళ్లలో ఇటువంటిది వారికి కనబడలేదు.

“యజమాని” అన్న మాటను మాత్రం మీ వాక్యాల్లో వాడవద్దని నా మనవి. తన ఫలం కోసం తాను యజ్ఞం చేయించుకునేవాడు యజమానుడు; ఆ మాటలో ప్రేమకు చోటు లేదు.

మరొక సభ్యుని మాట:
మచ్చిక, మాలిమి అన్న మాటలు ఉండగా ఇంత దూరం వెళ్లడం ఎందుకు? మహాభారతంలోని మహాప్రస్థానంలో ధర్మరాజు తన వెంట నడిచిన కుక్కను “భక్త” అన్నాడు గదా, దాన్ని కూడా పరిశీలించవచ్చు.

సమాధానం:
మచ్చిక, మాలిమి నాకూ ఇష్టమైన మాటలే. కాని బెదురు పోయి దగ్గరకు రావడాన్ని చెప్పే ఆ రెండూ బంధం మొదలైన రోజులకు చెందినవి. పదమూడేళ్ల సహవాసాన్ని అవి మోయలేవు. ధర్మరాజు ప్రస్తావన తెచ్చినందుకు కృతజ్ఞతలు. “భజ్” ధాతువుకు పంచుకోవడం, ఆశ్రయించడం అన్న అర్థాలున్నాయి. అక్కడ కుక్క భక్తి కంటే నన్ను ఎక్కువగా కదిలించే మాట “భక్తత్యాగం”. నమ్మి వచ్చినదాన్ని విడిచిపెట్టడం మహాపాపమని చెప్పి, ఆయన స్వర్గాన్నైనా వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. అంటే అక్కడ పరీక్షకు నిలిచినది మనిషి విశ్వాసం.

ప్రశ్న అడిగినవారు:
మీ ఇద్దరికీ నమస్కారాలు. ఊపిరి గురించి చదివినప్పుడు చివరి రాత్రి గుర్తుకు వచ్చింది. అది నా పాదాల మీద తల ఆనించి పడుకుంది. పగలంతా ఎగశ్వాసతో బాధపడినది, అప్పుడు మాత్రం చాలాసేపు నెమ్మదిగా ఊపిరి తీసుకుంది. విశ్వాసం అన్న మాటను తీసివేయడం లేదు. వాక్యాన్ని మాత్రం ఇలా మార్చుకున్నాను: “మా దగ్గర విశ్వాసంగా నిద్రపోయిన కుక్క.”