నాన్న కాలపు డబుల్ బ్యారెల్ ఉంచుకోవాలా, రెయిలూ టార్చీ ఉన్న పంప్ యాక్షన్ తీసుకోవాలా?

బుడ్డల_చేను (కళ్యాణదుర్గం)

అందరికీ నమస్తే. మా నాన్నకు 70 దాటినాయి. ఆయన పేరు మీదుండే 12 బోర్ (గొట్టం లావు కొలత) డబుల్ బ్యారెల్ తుపాకిని నా పేరుకు మార్చే దరఖాస్తు నడుస్తా ఉంది. పక్కపక్కన రెండు గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు, 30 అంగుళాల పొడవు, చాంబర్ (తూటా కూర్చునే చోటు) మీద 65 మి.మీ. అని గుర్తు. కాల్చిన డొల్లను బయటికి ఎగరేసే ఎజెక్టర్ లేదు, రోంత పైకెత్తే మామూలు ఎక్స్‌ట్రాక్టర్.

దీన్ని అమ్మేసి పంప్ యాక్షన్ (ముందరి పిడిని వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించేది) తీసుకోమని అంగట్లో చెప్తాండారు. నల్ల ప్లాస్టిక్ కుందా (భుజానికి ఆనే వెనక భాగం), పైన సామాన్లు బిగించే రెయిల్, దాని మీద గురికి ఎర్ర చుక్క చూపించే రెడ్ డాట్, కింద టార్చి, పక్కన లేజర్. ఇల్లు చేనిలోనే, ఊరికి దూరం. కాయ ఊరే దినాల్లో అడవి పందులు దిగుతాయి. నాకు మూడు సంగతులు తెలియాల. ఈ పాత తుపాకి నిజంగా ఎందులోనైనా తక్కువా? ఉంచుకుంటే ముందు ఏమేమి చూపించుకోవాల? మా ఇంట్లో మొదటినుంచీ కొబ్బరినూనె రాసి గుడ్డసంచిలో పెడతారు, అది సరేనా?

లంకమల (బద్వేలు)

తమ్ముడూ, అమ్మొద్దు. దానికి కారణం పాతదనే మమకారం కాదు. ఆ తుపాకి ఏ స్థితిలో ఉందో కంటికి కనిపిస్తుంది. విరిచి (కీలు దగ్గర మడిచి తెరిచి) చేతి మీద వేసుకుంటే పది అడుగుల దూరంలో నిలబడినవానికి కూడా అది ఖాళీ అని తెలుస్తుంది. పంప్‌లో చాంబర్ ఖాళీగా ఉన్నా కింద మ్యాగజైన్ గొట్టంలో తూటా ఉండొచ్చు. ఒకసారి పంప్ కొడితే అదే పైకొచ్చి చాంబర్‌లో కూర్చుంటుంది. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు, పనివాళ్లు తిరిగేచోట ఈ ఒక్క తేడా చాలు.

రెండు ట్రిగ్గర్లంటే లోపల రెండు వేర్వేరు లాకులు. స్ప్రింగు, సుత్తి, పిన్ను దేనికదే. ఒకటి చెడిపోయినా రెండోది పనిచేస్తుంది. చోక్ (గొట్టం మూతి దగ్గరి ఇరుకు) కూడా రెండు రకాలుగా దొరుకుతుంది. మామూలుగా ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానిది, అక్కడ చోక్ తక్కువ. వెనక ట్రిగ్గర్ ఎడమ గొట్టానిది, అక్కడ ఎక్కువ. దగ్గరకు ఒకటి, దూరానికి ఒకటి, వేలు జరపడమే పని.

పొడవు గురించి భయపడొద్దు. పంప్‌కు గొట్టం వెనక తూటా ఎక్కించే యంత్రముండే రిసీవర్ పొడవు అదనంగా ఉంటుంది, విరిచే తుపాకికి అది లేదు. అందుకే 30 అంగుళాల డబుల్ బ్యారెల్ మొత్తం పొడవు 26 అంగుళాల పంప్‌కు దగ్గరగానే వస్తుంది. బరువు డబుల్ బ్యారెల్‌ది మూడు కిలోల చిల్లర. పంప్‌లో తూటాలు నింపి, టార్చి, డాట్, లేజర్ తగిలిస్తే నాలుగు కిలోల దగ్గరికి పోతుంది. ఆ బరువంతా ముందువైపే.

ఇక టార్చి. తుపాకికి బిగించిన టార్చితో దేన్నైనా చూడాలంటే గొట్టాన్ని దాని మీదికి తిప్పాల్సిందే. రాత్రి కరెంటు వచ్చిందని మోటారు వేయడానికి పక్క చేనాయన గట్టు మీద నడిచొస్తుంటాడు. ఆయన ఎవరో చూడటానికి నీ తుపాకి ఆయన ఛాతీకి గురిపెట్టి ఉంటుంది. టార్చి వేరే చేతిలో ఉండాల, తుపాకి నేలకేసి ఉండాల. ఎవరో తెలిసేదాకా భుజానికి ఎత్తకూడదు. అనంతపురం దిక్కు చేన్లలో దుమ్ము లేస్తే ఆ వెలుతురు తిరిగి నీ కళ్లలోకే కొడుతుంది కూడా.

ముందు చూపించాల్సినవి చెప్తా. లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ దగ్గరికే పో, లేత్ అంగడికి వద్దు. మరమ్మతు చేయడానికి కూడా ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాల.

ఫోరెండ్ (గొట్టాల కింది ముందరి చెక్క) తీసేసి, తుపాకి మూసి, గొట్టాలను పక్కలకు కదిలించి చూడు. లొటలొట అంటే హింజ్ పిన్ (గొట్టాలు మడిచే కీలు) అరిగింది. మూసినప్పుడు గొట్టాల వెనక ముఖానికీ, యాక్షన్ (లాకులు, ట్రిగ్గర్లు ఉండే ఇనుప భాగం) ముఖానికీ మధ్య వెలుతురు కనిపించకూడదు. గొట్టాలను విడదీసి, కింద కొక్కేన్ని వేలికి తగిలించి వేలాడదీసి, చెక్కముక్కతో తట్టు. ఖంగుమని మోగితే మంచిది. డబడబమంటే మధ్యలో రిబ్ (రెండు గొట్టాలను కలిపే పట్టీ) అతుకు వదిలిందని అనుమానించాల. తర్వాత గొట్టంలోనుంచి ఆకాశానికేసి చూడు. లోపల వెలుతురు ఉంగరాలు గుండ్రంగా, వరసగా కనపడాల. ఎక్కడైనా ఉంగరం వంకరపోతే అక్కడ సొట్ట, నల్ల చుక్కలుంటే తుప్పు గుంతలు. లోతు గుంతలుంటే గన్‌స్మిత్ గోడ మందం కొలిచేదాకా కాల్చొద్దు.

ట్రిగ్గర్లు గట్టిగా ఉండాల. తుపాకి ఖాళీగా పెట్టి, కుందాను అరచేత్తో బలంగా తట్టినప్పుడు లోపల సుత్తి తనకు తానే పడితే సియర్ (సుత్తిని పట్టి ఉంచే కొక్కెం) అరిగినట్లు. అట్లా ఉన్నదాన్ని ఒక్కరోజు కూడా వాడకూడదు.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

లంకమల అన్న చెప్పినవాటిలో ఒకదానితో నాకు పేచీ ఉంది. పంప్ యాక్షన్ దానంతట అది చెడ్డ యంత్రం కాదు. మన దుమ్ములో కూడా శుభ్రంగా పెట్టుకుంటే బాగా నడుస్తుంది. చెక్క కుందా వానాకాలం ఉబ్బుతుంది, ప్లాస్టిక్ ఉబ్బదు. తంటా అంతా పంప్‌కు తగిలించే సరంజామాతోనే.

పంప్‌లో ఎక్కువగా జరిగే తప్పు సగం లాగడం. ముందరి పిడిని చివరంటా వెనక్కి లాగకపోతే ఖాళీ డొల్ల బయటపడదు, కొత్త తూటా దాని మీదికొచ్చి ఇరుక్కుంటుంది. కంగారులో ఉన్నప్పుడే ఇది జరుగుతుంది. ముందరి పిడికి టార్చి, దాని వైరు, స్విచ్చి బిగిస్తే పట్టు మారి ఈ తప్పు ఇంకా పెరుగుతుంది. డబుల్ బ్యారెల్‌లో ఇట్లాంటి పనే లేదు, రెండో దెబ్బకు ఏదీ లాగక్కర్లేదు.

రెడ్ డాట్ సంగతి. 12 బోర్ అదురుకు డాట్‌ను పట్టే చౌక మౌంట్ల మరలు వదులవుతాయి. డాట్ ఎటో జరిగిపోయినా చూసేవానికి తెలియదు. బ్యాటరీ ఎండకు, పాతబడి చచ్చిపోతుంది. రైఫిల్‌తో గురి చూస్తారు, మన 12 బోర్ లాంటి షాట్‌గన్‌ను వేలు చూపించినట్లు చూపిస్తారు. చెంప కుందా మీద కుదిరితే కన్నే వెనక సైటు, ముందు గొట్టం మూతి మీది పూస చాలు. పాత తుపాకికి రెయిల్ బిగించడానికి రిబ్‌కో యాక్షన్‌కో బెజ్జం వేయించాలని మాత్రం ఎప్పుడూ అనుకోకండి. చాంబర్ దగ్గర గోడలో మర దిగితే ఒత్తిడి అక్కడే చీలుస్తుంది.

పిస్టల్ పిడి మాత్రమే ఉండి వెనక కుందా లేనివి, మడిచేవి చూడటానికి బాగుంటాయి. వాటికి చెంప ఆనించే చోటు లేదు, భుజం ఆసరా లేదు. దెబ్బంతా మణికట్టు మీదే పడుతుంది, తూటా ఎటు పోయిందో తెలియదు. గొట్టం పొట్టి చేయించుకోవడం అయితే ఏకంగా నేరం. 20 అంగుళాలకు తగ్గిన స్మూత్ బోర్ (లోపల గాడులు లేని) గొట్టం నిషేధిత వర్గంలోకి పోతుంది. చప్పుడు తగ్గించే సైలెన్సర్ కూడా అంతే. అట్లాంటిది ఎవరైనా చూపిస్తే చేతితో ముట్టుకోకుండా వచ్చేయండి.

ఆ డబ్బుతో తుపాకిని ఒంటికి కుదిర్చుకోండి. తుపాకి ఖాళీగా ఉందని చూసుకుని, కుందా చివర మోచేతి మడతలో పెట్టి, చెయ్యి నిటారుగా పట్టండి. చూపుడువేలి మొదటి కణుపు ముందు ట్రిగ్గర్‌కు అందాలి. ఇది మోటు కొలతే, కానీ మొదలుపెట్టడానికి సరిపోతుంది. మామూలు ఎత్తు మనిషికి కుందా పొడవు పద్నాలుగుంబావు అంగుళాల దగ్గర పడుతుంది. తర్వాత కళ్లు మూసుకుని భుజానికెత్తి, కళ్లు తెరవండి. పూస రిబ్ మధ్యలో, రిబ్ రోంత మాత్రమే కనపడాలి. రిబ్ బారుగా కనపడితే దెబ్బ పైకి పోతుంది. రిబ్ అసలే కనపడకపోతే కిందికి పోతుంది. పొడవు చాలకపోతే రబ్బరు ప్యాడ్ వేయిస్తే సరి. బొటనవేలు ముక్కుకు తగులుతోందంటే కుందా పొట్టి అని అర్థం.

అనుమతి ఉన్న రేంజ్‌లో కాగితం మీద కాల్చి చూడండి. 40 గజాల దూరంలో 30 అంగుళాల వృత్తం. ఫుల్ చోక్ అయితే సుమారు 70 శాతం గుండ్లు అందులో పడాలి, హాఫ్ చోక్ 60, చోక్ లేని సిలిండర్ 40. ఏ గొట్టం ఎట్లా పరుస్తుందో తెలిస్తే మీ తుపాకి ఎంత దూరానికి పనికొస్తుందో తెలిసినట్లే.

బుడ్డల_చేను (కళ్యాణదుర్గం)

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అన్నా. అమ్మే ఆలోచన మానుకున్నా. ఇంకొక్కటి. అంగట్లో 70 మి.మీ. తూటాలే ఉండాయంట. పెట్టి చూస్తే మా చాంబర్‌లో చక్కగా దూరుతుంది, తుపాకి మూసుకుంటుంది కూడా అంటాండారు. వాడొచ్చా?

లంకమల (బద్వేలు)

వాడొద్దు, వాడొద్దు. తూటా మీద రాసే 70 అనేది కాల్చిన తర్వాత విచ్చుకున్న డొల్ల పొడవు. కాల్చకముందు మూతి మడిచి ఉంటుంది కాబట్టి పొట్టిగా ఉంటుంది, 65 చాంబర్‌లో హాయిగా దూరుతుంది. కాల్చినప్పుడు ఆ మడత విచ్చుకుని, చాంబర్ ముందు సన్నబడే చోటికి పోయి దారి ఇరుకు చేస్తుంది. ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. పాత గొట్టానికి అది ప్రమాదం. 70 చాంబర్‌లో 65 తూటా వాడొచ్చు, 65 చాంబర్‌లో 70 తూటా వాడకూడదు. చాంబర్ మీది గుర్తు కూడా గన్‌స్మిత్ గేజ్‌తో ఒకసారి సరిచూడాల.

20 బోర్ తూటా 12 బోర్ ఉన్న ఇంట్లోకే రానీయకు. అది చాంబర్ దాటి గొట్టంలోకి జారి ఇరుక్కుంటుంది. చాంబర్ ఖాళీగా కనపడుతుంది, వెనక 12 తూటా పెట్టి కాలిస్తే గొట్టం పేలుతుంది.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టం నిరపాయమైన దిక్కుకే ఉంచి కనీసం అర నిమిషం ఆగు, తర్వాతే విరువు. కొన్నిసార్లు మందు ఆలస్యంగా అంటుకుంటుంది. పుస్సుమని చిన్న చప్పుడొస్తే రెండోది కాల్చకుండా విరిచి గొట్టంలో చూడు, వ్యాడ్ (మందుకూ గుండ్లకూ మధ్య ఉండే బిళ్ల) లోపలే ఆగి ఉండొచ్చు. ఇంకొకటి, కందిరీగలు గొట్టంలో మట్టిగూడు కడతాయి. కొన్నాళ్లు వాడని తుపాకి ఏదైనా, తూటా పెట్టేముందు రెండు గొట్టాల్లోనుంచీ వెలుతురు చూడాల్సిందే.

కొబ్బరినూనె మానేయండి. చలికాలం తెల్లవారుజామున అది గడ్డకడుతుంది, మిగతా కాలం జిగురు పడుతుంది. దుమ్ము కలిస్తే లోపల లాకులు నత్తనడక నడుస్తాయి, పిన్ను దెబ్బ మెత్తగా పడి తూటా పేలదు. తుపాకి నూనె పల్చనిది వాడు, అదీ గుడ్డ ముక్క తడిసీ తడవనట్లు. హింజ్ పిన్నుకు మాత్రం గ్రీజు, బియ్యపు గింజంత.

శుభ్రం చేసేటప్పుడు రాడ్‌ను చాంబర్ వైపునుంచి మూతివైపుకు తొయ్యి. ముందు సాల్వెంట్ పట్టించిన గుడ్డ, పది పదిహేను నిమిషాలు నానబెట్టి కంచు బ్రష్, తర్వాత తెల్లగా వచ్చేదాకా పొడిగుడ్డలు, చివర నూనె. సీసం ఎక్కువగా పేరుకునేది చాంబర్ ముందర, చోక్ దగ్గర. ఖాళీ తుపాకి ట్రిగ్గర్ ఊరికే నొక్కితే పిన్నులు విరుగుతాయి. లోపలి స్ప్రింగుల బిగువు వదిలించాలంటే స్నాప్ క్యాప్‌లు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) పెట్టి నొక్కు.

పెన్నేటి_గట్టు (తాడిపత్రి)

నిల్వ గురించి, చట్టం గురించి నేను చెప్తా.

గుడ్డసంచి, తోలుసంచి రెండూ తేమ పట్టి ఉంచుతాయి. తోలు పదునుచేసిన ఉప్పులు ఇనుమును తింటాయి. తుపాకి తీసుకుపోవడానికే సంచి, పెట్టడానికి తాళమేసిన ఇనుప బీరువా. తుపాకి ఒకచోట, తూటాలు వేరేచోట, రెండు తాళాలు. నిలబెట్టి ఉంచేటట్లయితే మూతి కిందికి పెట్టండి, కింద చాప ముక్క వేసి. కుందా కిందికి పెడితే నూనె జారి చెక్కలోకి దిగుతుంది. చెక్క మెత్తబడి యాక్షన్ దగ్గర పగులుతుంది. చెక్కకు ఏడాదికి రెండుసార్లు అవిసెనూనె నాలుగు చుక్కలు చేతితో రుద్దితే చాలు.

వారసుని పేరుకు మార్చడం: 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి 25 ఏళ్లు ఆయన దగ్గర ఉన్నా, ఏది ముందైతే అది, వారసుడు అడగొచ్చు. పోలీసు విచారణ మామూలే. లైసెన్సు నీ పేరున చేతికొచ్చేదాకా ఆ తుపాకి నాన్నదే, నువ్వు చేనికి ఎత్తుకుపోకూడదు. 2019 సవరణ తర్వాత మనిషికి రెండే తుపాకులు, లైసెన్సు గడువు ఐదేళ్లు. ఎన్నికలప్పుడు డిపాజిట్ చేయమంటే చేసి రసీదు తీసుకో. పెళ్లిలో, జాతరలో గాల్లోకి కాల్చితే అదే 2019 సవరణ కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

పందుల సంగతి నువ్వు సగం అడిగి వదిలేసినావు గానీ అదే ముఖ్యం. తుపాకి లైసెన్సు ఉంటే పందిని కాల్చొచ్చని చాలామంది అనుకుంటారు. అది తప్పు. అడవి పంది 1972 వన్యప్రాణి చట్టంలో ఉంది, 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూల్‌లో. పంటకు నష్టం చేస్తోందని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా ఆర్డరు ఇస్తేనే, అందులో రాసినట్లే. లేకపోతే కేసు నీ మీదే. ముందు అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో నష్టం రాసియ్యి. కంచెకు కరెంటు తీగ మాత్రం కట్టొద్దు, మనుషులు చస్తారు.

బెదిరించడానికని పైకి కాల్చినా గుండ్లు యాడో ఒకచోట పడాల్సిందే. 6 నంబరు సన్న గుండ్లు రెండొందల మీటర్ల దాకా పోతాయి. ఎల్జీ అనే పెద్ద గుండ్లు ఏడొందల మీటర్ల దాకా పోగలవు. మన బయలు చేన్లలో ఏడొందల మీటర్లంటే మూడు నాలుగు చేన్ల అవతల కలుపు తీసే ఆడవాళ్లుంటారు. .315 రైఫిల్ అయితే తూటా కిలోమీటర్లు పోతుంది, చేనింటికి అది అసలే వద్దు.

నువ్వు ఇప్పుడు చేయాల్సింది: లైసెన్సు పని కానియ్యి, నాన్నను తీసుకుని గన్‌స్మిత్ దగ్గరికి పో, చాంబర్ కొలిపించు, 65 తూటాలు లైసెన్సులో రాసినంతలో తెప్పించమని అంగట్లో ఆర్డరియ్యి. బిల్లు మీద, పెట్టె మీద మిల్లీమీటర్లు చూసుకున్నాకే డబ్బియ్యి.