కారు నేర్చుకోవాలా, సైకిలే చాలా? కోవూరు నుంచి ఒక సందేహం

కోవూరు_కోడలు:
అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు. కోవూరులో ఉంటాం. ఊరికి కాస్త అవతల ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. రోజూ సైకిల్ మీదే వెళ్లొస్తాను. మా ఆయనకి చెన్నైలో ఉద్యోగం, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్లిపోతారు. ఈ మధ్య సెకండ్ హ్యాండ్‌లో ఒక ఆల్టో కొన్నారు. ఆయన లేని రోజులన్నీ అది షెడ్డులోనే. "నువ్వు నేర్చుకుంటే ఇంటికి పనికొస్తది" అని ఆయనా, అత్తగారూ ఒకటే పోరు. నాకు సైకిల్‌తో ఏ ఇబ్బందీ లేదు. ఫీజులు కట్టి, లైసెన్సు తీసుకుని, ఈ వయసులో కారు నేర్చుకోవడం అవసరమా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

హాఫ్‌క్లచ్:
మేడం, నేను నెల్లూరులో డ్రైవింగ్ నేర్పిస్తా. వ్యాపారం కోసం చెప్తున్నాడనుకున్నా సరే, ఉన్న మాట చెప్తా. ముందు ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు తీసుకోవాలి, అది 6 నెలలు పనిచేస్తుంది. వచ్చిన 30 రోజుల తర్వాతే అసలు లైసెన్సు టెస్టుకి పోగలరు. మీకు 40 దాటాయి కాబట్టి డాక్టర్ సంతకంతో ఫారం 1ఎ కూడా కావాలి. మీ వయసులో తీసుకుంటే లైసెన్సు 10 ఏళ్లకి ఇస్తారు. భయం సంగతంటారా, శిక్షణ కారులో మా కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. ఇంకో మాట. సైకిల్ తొక్కేవాళ్లు తొందరగా నేర్చుకుంటారు. ఎదుటి బండి ఎటు తిరగబోతుందో వాళ్లకి ముందే తెలిసిపోద్ది. ఏ బండీ తొక్కనివాళ్లు మొదటి వారమంతా బానెట్ చూస్తా తోలతారు, రోడ్డు చూడరు.

వేదాయపాళెం_కుర్రాడు:
సైకిల్ అని చూసి ఇదేదో పార్టీల గొడవ అనుకొని లోపలికొచ్చా. సారీ 😄 వచ్చా కాబట్టి ఒక సలహా. స్కూటీ కొనుక్కోండి మేడం, ఏ తలనొప్పీ ఉండదు.

కోవూరు_కోడలు:
స్కూటీ వద్దండీ. అది కాకుండా చెప్పండి.

సైకిల్_మాస్టారు:
అమ్మా, నేను రిటైరైన టీచర్ని. ఉద్యోగం చేసినన్నాళ్లూ సైకిలే, ఇప్పుడూ సైకిలే. మీకు ఇబ్బంది లేదని మీరే అంటున్నారు. ఇబ్బంది లేనప్పుడు మందెందుకు?

మన నెల్లూరు సంగతి చూడండి. గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్ దగ్గర, రామలింగాపురం దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలుస్తాయి. కారువాళ్లు ఊరంతా చుట్టి రావాలి. ట్రంక్ రోడ్డులో కారు ఆపడానికి చోటు దొరకాలంటే అదృష్టం ఉండాలి. పెట్రోలు లీటరు 100 దాటి ఎన్నాళ్లయింది? దానికి తోడు ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లు. షెడ్డులో పెట్టినా బ్యాటరీ దిగిపోతుంది. సైకిల్‌కి గాలి, చైనుకి కాస్త నూనె చాలు.

ఇంకో సంగతి. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేల మంది ఆడవాళ్లు సైకిల్ నేర్చుకున్నారు. అప్పటిదాకా పొరుగూరికి పోవాలంటే మగవాడి తోడు కావాలి. సైకిల్ వచ్చాక ఎవరినీ అడగక్కర్లేకపోయింది. మన జిల్లాలో కూడా ఆ రోజుల్లోనే దూబగుంట ఆడవాళ్లు చదువు తరగతుల్లోంచే సారా మీద తిరగబడ్డారు. సైకిల్‌ని తక్కువగా చూడకండి.

ఉదయగిరి_ఎండ:
మాస్టారూ, చరిత్ర బాగుంది. అర్ధరాత్రి మనిషికి గుండెనొప్పి వస్తే పుదుక్కోట్టై సైకిల్ ఏం చేస్తది?

సైకిల్_మాస్టారు:
108 ఉంది గదా నాయనా. 2005 నుంచి ఉంది.

ఉదయగిరి_ఎండ:
ఉంది. నేను కాదనలేదు. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

మర్రిపాడు_మామ:
ఆడవాళ్లకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఫ్రీ అయింది గదా. 2025 ఆగస్టు 15 నుంచి. కారూ వద్దు, సైకిలూ వద్దు. ఆధార్ కార్డు పట్టుకొని ఎక్కి కూర్చోవడమే.

వేదాయపాళెం_కుర్రాడు:
మామా, మిల్లు ముందర బస్సు ఆపుతారా?

సైకిల్_మాస్టారు:
సైకిల్‌తో కాని పని ఏముందో ఒక్కటి చెప్పమనండి. బియ్యం మూట, కూరగాయలు, ఇంటి సామాను అన్నీ క్యారియర్ మీద తెచ్చాను. గ్యాస్ సిలిండర్ కూడా తెచ్చేవాణ్ణి.

వేదాయపాళెం_కుర్రాడు:
సిలిండరా! గ్యాసే 14.2 కిలోలు, ఇనుము ఇంకో 15 కిలోలు. నిండుది 30 కిలోల దాకా ఉంటది. క్యారియర్ మీద నిలబెట్టి తొక్కారా సార్?

సైకిల్_మాస్టారు:
నిలబెట్టి కాదు, పక్కకి కట్టి. హ్యాండిల్ పట్టుకొని నడిపించుకుంటూ తెచ్చాను.

ఉదయగిరి_ఎండ:
అయితే తొక్కలేదు. నడిచారు. సైకిల్ మిమ్మల్ని మోయలేదు, మీరు సైకిల్‌ని మోశారు.

సైకిల్_మాస్టారు:
సగం దూరం తొక్కాను, ఎత్తు దగ్గర దిగాను. సిలిండర్ పక్కకి పడుకోబెట్టి కట్టకూడదని కూడా నాకు తెలుసు. అప్పట్లో డెలివరీ కుర్రాళ్లు సైకిల్‌కి రెండు వైపులా ఒక్కోటి తగిలించుకొని పోయేవాళ్లు, మీరు చూడలేదేమో.

మర్రిపాడు_మామ:
చూశాం. నాలుగు కూడా తగిలించేవాళ్లు.

వేదాయపాళెం_కుర్రాడు:
వాళ్ల సైకిల్‌కి కొక్కేలు వేరే వేయించేవాళ్లు మామా. మామూలు సైకిల్‌కి కుదరదు. లేడీస్ సైకిల్‌కి అసలు కుదరదు.

కోవూరు_కోడలు:
మాకు సిలిండర్ ఇంటికే తెచ్చి ఇస్తారండీ.

హాఫ్‌క్లచ్:
సిలిండర్ వదిలేసి రోడ్డు గురించి మాట్లాడదామా? నాకు సైకిల్ అంటే కోపం లేదు. కానీ చీకటి పడ్డాక వెనక ఎర్ర రిఫ్లెక్టర్ కూడా లేకుండా వస్తారు. లారీవాడికి మీరు కనపడేది ఆఖరి నిమిషంలో. మార్చి, ఏప్రిల్ కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పెడతారు. రాత్రిపూట ఆ రాయి కారువాడికే కనపడదు, మీకెట్టా కనపడుద్ది? చున్నీ చక్రంలో పడి కిందపడ్డవాళ్లని నా కళ్లతో చూశా. మేడం, మీ సైకిల్‌కి చైన్ కవర్, చీర గార్డు ఉన్నాయా?

కోవూరు_కోడలు:
రెండూ ఉన్నాయి. వెనక క్యారియర్ మాత్రం తీసేయించా.

సైకిల్_మాస్టారు:
క్యారియర్ ఎందుకు తీయించావమ్మా? అది ఉండాలి.

(కోవూరు_కోడలు దీనికి ఏమీ రాయలేదు.)

ఉదయగిరి_ఎండ:
ఇక నేను చెప్పేది వినండి. మా నాన్నకి పక్షవాతం వచ్చిన రాత్రి నేను హైదరాబాదులో ఉన్నా. కారు మా వాకిట్లోనే ఉంది. తాళం గోడకి తగిలించి ఉంది. ఇంట్లో మా అమ్మ, మా అక్క, నా భార్య. ముగ్గురికీ తోలడం రాదు. పక్కింటాయన ఊళ్లో లేడు. నేను అక్కడ ఫోను పట్టుకొని ఒక్కొక్కరికీ చేస్తా కూర్చున్నా. తెల్లారాక తీసుకుపోయారు. ఆలస్యమైందని డాక్టర్ అన్నాడు. నాన్న బతికాడు, కుడి చేయి పోయింది. ఆయన దర్జీ.

ఇప్పుడు చెప్పండి, లీటరు పెట్రోలు ఎంత అని.

సైకిల్_మాస్టారు:
బాధాకరమే. కానీ నీ ఒక్క రాత్రి కోసం అందరూ కారు నేర్చుకోవాలనడం న్యాయం కాదు. 2021 నవంబరులో పెన్నా వరదకి పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోతే కార్లున్నవాళ్లు ఎక్కడికి పోయారు?

ఉదయగిరి_ఎండ:
మీరు మనిషేనా? మా నాన్న చెయ్యి గురించి చెప్తుంటే హైవే గురించి మాట్లాడతారా? ఆ వరదలో సైకిళ్లు ఈదుకుంటా పోయాయా?

మర్రిపాడు_మామ:
తమ్ముడూ, పెద్దాయన. మాట జాగ్రత్త.

ఉదయగిరి_ఎండ:
పెద్దాయన అయితే పెద్దగా మాట్లాడాలి. ఒక్కటి అడుగుతా మాస్టారూ. మీ ఇంట్లో ఆవిడకి బాగలేకపోతే ఆస్పత్రికి క్యారియర్ మీద తీసుకెళ్తారా?

సైకిల్_మాస్టారు:
మా అల్లుడు ఊళ్లోనే ఉంటాడు. ఆయన కారు ఉంది.

ఉదయగిరి_ఎండ:
అద్దీ! మీ సైకిల్ వెనక మీ అల్లుడి కారు ఉంది. ఇన్నాళ్లూ ఎవరినీ అడగక్కర్లేదు అన్నారే!

సైకిల్_మాస్టారు:
అల్లుణ్ణి అడగడం అడగడం కాదు. అది వేరే సంగతి.

మైపాడు_రోడ్డు:
ఇన్ని రోజులూ చదువుతా ఉన్నా, రాయకూడదనుకున్నా. కానీ ఇక్కడ మగవాళ్లంతా కారు పుణ్యం, సైకిల్ పుణ్యం లెక్కలేస్తున్నారు, ఆమె అడిగింది ఒక్కరూ వినడం లేదు.

నేను నలభైకి దగ్గరలో కారు నేర్చుకున్నా. ఇందుకూరుపేట మండలంలో మా చుట్టుపక్కల కారు తోలే ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. తర్వాత ఏమైందో చెప్పనా? ఆడపడుచు నెల్లూరులో చీరలు కొనాలంటే నేను. తోడికోడలి పిల్లకి పరీక్ష అంటే నేను. మామగారి స్నేహితుడి కొడుకు పెళ్లికి పొద్దున నాలుగింటికి నేను. పెళ్లిలో నేను కార్లో కూర్చొని భోంచేశా, తిరుగు ప్రయాణానికి ఎవరూ ఆలస్యం కాకూడదని. "నీకెట్టాగూ తోలడం వచ్చు గదా" అంటారు. వంట పని తగ్గిందా అంటే తగ్గలేదు. దిగి మళ్లీ వంటింట్లోకే.

కోవూరు అక్కా, మీరు స్కూటీ ఎందుకు వద్దన్నారో, క్యారియర్ ఎందుకు తీసేయించారో నాకు తెలుసు.

వేదాయపాళెం_కుర్రాడు:
ఎందుకు? నాకు అర్థం కాలేదు.

కోవూరు_కోడలు:
వెనక ఎవరూ కూర్చోకుండా. మిల్లు నుంచి వచ్చేటప్పుడు దారిలో మా చిన్నత్తగారి ఇల్లు. "ఆగమ్మా, నన్ను గుడి దగ్గర దించు" అనేది. తర్వాత ఆమె మనవడిని ట్యూషన్ నుంచి తీసుకురమ్మనేది. రోజంతా లెక్కలు చూసి వచ్చేదాన్ని. ఒక రోజు షాపులో క్యారియర్ తీయించేశా. మా ఆయన ఎందుకని అడిగితే తుప్పు పట్టిందని చెప్పా.

నాకు కారు అంటే భయం లేదండీ. నేర్చుకుంటే ఆ కారుకి ఉండే నాలుగు సీట్లంటే భయం. మిల్లుకీ ఇంటికీ మధ్య సైకిల్ మీద ఆ కాసేపే నన్ను ఎవరూ ఏమీ అడగరు. మొదటే ఇట్టా రాస్తే స్వార్థం అంటారని రాయలేదు.

ఉదయగిరి_ఎండ:
అక్కా, మీరు తప్పుగా అనుకోకండి, స్వార్థమే. మీ అత్తగారి వయసెంతో చెప్పలేదు. మా అమ్మ కూడా "నాకెందుకు" అనే అంది.

మైపాడు_రోడ్డు:
మీ అమ్మ, అక్క, భార్య నేర్చుకోలేదని కోపం సరే. కారు మీది. హైదరాబాదు పోయేముందు ముగ్గురిలో ఒక్కరికైనా నేర్పించారా? నేర్పించే తీరిక మీకు లేదు, నేర్చుకోలేదన్న నింద మాత్రం వాళ్లకి.

ఉదయగిరి_ఎండ:
నేర్పిస్తానన్నా. మా ఆవిడ వద్దంది.

మైపాడు_రోడ్డు:
ఎందుకు వద్దందో అడిగారా?

(దీనికి అతని నుంచి జవాబు మర్నాడు సాయంత్రం దాకా రాలేదు.)

సైకిల్_మాస్టారు:
నేను మొదటి నుంచీ చెప్తున్నది ఇదే గదా. సైకిలే స్వేచ్ఛ.

మైపాడు_రోడ్డు:
మాస్టారూ, మీరు చెప్పింది పెట్రోలు ఖర్చు. ఇది వేరు.

ఉదయగిరి_ఎండ:
అడిగా. "నేర్చుకుంటే మీ అమ్మనీ నాన్ననీ నెలనెలా చెకప్‌కి నేనే తిప్పాల్సి వస్తది, మీరు హైదరాబాదులోనే ఉండిపోతారు" అని అప్పుడే అనుకుందంట. నాకు ఇప్పుడు చెప్పింది. రాత్రి మా ఇంట్లో బాగా గొడవైంది. అయినా నా మాట నాదే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇంట్లో ఒక్కరికైనా రావాలి.

మర్రిపాడు_మామ:
ఇంత దూరం వచ్చాక కూడా నాది అదే మాట. బస్సు ఫ్రీ.

కోవూరు_కోడలు:
ఉదయగిరి తమ్ముడి మాట రాత్రంతా మనసులో తిరుగుతానే ఉంది. మా అత్తగారికి 71. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. అందుకని నేర్చుకుంటా. కానీ ఇంట్లో ముందే చెప్తా. మిల్లుకి సైకిలే. ప్రాణాపాయమైతే కారు తీస్తా. చీరలకీ, గుడికీ, పెళ్లిళ్లకీ తీయను. ఆయన ఉన్న రోజు చెకప్‌లు ఆయనే చూసుకోవాలి.

మైపాడు_రోడ్డు:
నేనూ అట్టే చెప్పా అక్కా. మూడో వారం దాకా నిలబడింది.

ఉదయగిరి_ఎండ:
ప్రాణాపాయమో కాదో ఎవరు తేలుస్తారు? మీరా, మీ అత్తగారా?

కోవూరు_కోడలు:
నేనే. ఆమె ఒప్పుకోదు, తెలుసు. హాఫ్‌క్లచ్ గారూ, ఆదివారం క్లాసు పెడతారా? ఆ రోజు మా ఆయన ఇంట్లో ఉంటారు. అత్తగారి టిఫినూ మందులూ ఆయన చూసుకుంటారు.

హాఫ్‌క్లచ్:
ఆదివారం పొద్దున 6 గంటలకి ఉంటది మేడం, రోడ్లు ఖాళీగా ఉంటాయి. ఆదివారం ఒక్కటే అయితే ఆలస్యంగా వస్తది, మధ్యలో ఇంకో రోజు కుదిరితే చూడండి. ముందు ఎల్‌ఎల్‌ఆర్ తెచ్చుకోండి. అది లేకుండా మా దగ్గర ఎవరికీ స్టీరింగ్ ఇవ్వను, పట్టుబడితే ఫైనే 5,000.